పక్క డిస్ట్రిక్ట్‌లోని ఆర్ట్స్ హైస్కూల్‌లో సీటు: డాలస్ చుట్టుపక్కల తెలుగు తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా ఒక రాత్రి అన్నం తింటూ "నేను ఆర్ట్స్ హైస్కూల్‌కి వెళ్తానమ్మా" అంది. అప్పటికి మాకు తెలిసిందల్లా అక్కడ ఆడిషన్ ఉంటుందని, బాగా చేస్తే సీటిస్తారని. ఏడాది పాటు బొమ్మలు వేయించడం మీదే పడ్డాం. తీరా అప్లికేషన్ తెరిస్తే మొదటి పేజీలోనే "మీరు ఏ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో నివసిస్తున్నారు?" అని అడిగింది. స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థ, దాని పరిధి. మేం ఉండేది వేరే డిస్ట్రిక్ట్. బయటి పిల్లలకు తేదీలు, కాగితాలు, వరుసలో చోటు అన్నీ వేరుగా ఉంటాయని అప్పుడు తెలిసింది. అడ్రస్ సంగతి ముందు తేల్చుకుని, ఆడిషన్ తర్వాత చూసుకోవాలి. మేం తిరగేసి చేశాం. మీరలా చేయకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఎక్కువగా డాలస్ పరిసరాల సంగతులే చెబుతాను. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్, కొప్పెల్‌లలో మనవాళ్లు వేల కుటుంబాలున్నారు. మన పిల్లల్లో పాట, నాట్యం, బొమ్మల్లో గట్టివాళ్లూ చాలామంది ఉన్నారు. డాలస్ డౌన్‌టౌన్‌లోని ఆర్ట్స్ డిస్ట్రిక్ట్‌లో బుకర్ టి. వాషింగ్టన్ హైస్కూల్ ఉంది. అది డాలస్ స్కూల్ డిస్ట్రిక్ట్ నడిపే ప్రభుత్వ బడి. నృత్యం, సంగీతం, నాటకం, దృశ్యకళలు నేర్పుతారు. గాయని ఎరికా బాడు అక్కడే చదివారు. పండిట్ రవిశంకర్ కూతురు, గాయని నోరా జోన్స్ గ్రేప్‌వైన్ హైస్కూల్‌లో చదువుతూ మధ్యలో ఆ బడికి మారారు.

మొదటి అడుగు: మీ డిస్ట్రిక్ట్ ఏదో ఖాయం చేసుకోండి

ఇదేం పెద్ద పని అనిపిస్తుంది గానీ, చాలామంది పొరబడేది ఇక్కడే. టెక్సస్‌లో ఊరి సరిహద్దు వేరు, స్కూల్ డిస్ట్రిక్ట్ సరిహద్దు వేరు. ఇంటి అడ్రస్‌లో డాలస్ అని ఉన్నంత మాత్రాన డాలస్ డిస్ట్రిక్ట్ కాదు. లేక్ హైలాండ్స్ డాలస్ నగరంలోనే ఉన్నా రిచర్డ్‌సన్ స్కూల్ డిస్ట్రిక్ట్ కిందికి వస్తుంది. నగరానికి ఉత్తరం కొసన కొంత భాగం ప్లేనో డిస్ట్రిక్ట్‌లో ఉంటుంది. ఫ్రిస్కో ఊళ్లో ఉంటూ పిల్లల్ని లూయిస్‌విల్, ప్రాస్పర్ డిస్ట్రిక్ట్ బడులకు పంపేవాళ్లూ ఉన్నారు. ఇర్వింగ్‌లోని వ్యాలీ రాంచ్ వైపు అయితే వీధి మారితే డిస్ట్రిక్ట్ మారొచ్చు.

సొంతిల్లయితే ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు తీసి చూడండి. అందులో స్కూల్ డిస్ట్రిక్ట్ పేరు ఒక లైనుగా ఉంటుంది. సాధారణంగా పెద్ద అంకె ఆ లైనులోనే కనిపిస్తుంది. అద్దె ఇల్లయితే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ (పన్ను కోసం ఇళ్ల విలువ కట్టే ఆఫీసు) సైట్‌లో ఆ అడ్రస్ కొట్టి చూడొచ్చు. అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీసులో అడిగి ఊరుకోవద్దు, ఆ సైట్‌లో మీరే చూసుకోండి.

రెండో అడుగు: ఆ బడి బయటివాళ్లను ఏ లెక్కన చేర్చుకుంటుందో చదవండి

అమెరికాలో ఒక్కో ఆర్ట్స్ హైస్కూల్‌ది ఒక్కో పద్ధతి. బంధువుల పిల్లాడికి కాలిఫోర్నియాలో జరిగినట్టే ఇక్కడా జరుగుతుందనుకుంటే దెబ్బతింటారు.

న్యూయార్క్‌లోని లాగార్డియా హైస్కూల్ నగరవాసులకు మాత్రమే. న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉండే పిల్లకు ఎంత గొప్ప గొంతున్నా ఆ తలుపు తెరుచుకోదు. లాస్ ఏంజలెస్ కౌంటీ ఆర్ట్స్ హైస్కూల్‌ని కౌంటీ విద్యాశాఖ నడుపుతుంది కాబట్టి, కౌంటీలోని డిస్ట్రిక్ట్‌లన్నిటి పిల్లలూ పోటీ పడొచ్చు. సాంటా ఆనాలోని ఆరెంజ్ కౌంటీ ఆర్ట్స్ స్కూల్ చార్టర్ బడి. దానికి డిస్ట్రిక్ట్ గీతలు అడ్డు కావు. రాష్ట్రంలో ఎక్కడున్నా అప్లై చేయొచ్చు.

డాలస్ లాంటి చోట్ల ఉండేది మరో రకం. బయటి పిల్లలు అప్లై చేయొచ్చు, ఆడిషన్ ఇవ్వొచ్చు. కానీ అర్హత ఉన్న స్థానిక పిల్లలకు సీట్లిచ్చాక ఏమైనా మిగిలితేనే వీళ్ల వంతు. అంటే మీ పిల్ల పోటీ పడేది మొత్తం సీట్లకు కాదు, మిగిలిన సీట్లకు. ఒక విభాగంలో ఒక ఏడు నాలుగు మిగలొచ్చు, మరుసటేడు ఒక్కటీ మిగలకపోవచ్చు. "మార్కులు ఎక్కువొచ్చినా మా అమ్మాయిని కాదని వేరే పిల్లకిచ్చారు" అని బాధపడేవాళ్లలో చాలామంది ఈ సంగతి తెలియనివాళ్లే.

స్థానికులకు ముందు వరుస ఎందుకో కూడా తెలుసుకోవాలి. బుకర్ టి. వాషింగ్టన్ భవనం 1922 నాటిది. 1939లో లింకన్ హైస్కూల్ వచ్చేదాకా డాలస్‌లో నల్లజాతి పిల్లలకు ఉన్న ప్రభుత్వ హైస్కూల్ అదొక్కటే. బడుల్లో జాతివివక్ష పోవాలని 1970లో తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. ఆ కేసులో వచ్చిన ఆదేశాల తర్వాత 1976లో అది ఆర్ట్స్ మాగ్నెట్ బడి (ఒక ప్రత్యేక విద్య కోసం డిస్ట్రిక్ట్ అంతటి నుంచీ పిల్లలు చేరే బడి) అయింది. ఆ ఊరి పిల్లలందరికీ మంచి చదువు అందాలని అంత కొట్లాట జరిగిన చోటు అది. ఖర్చులో పెద్ద భాగం భరించేదీ ఆ డిస్ట్రిక్ట్ ఇంటి పన్నులే. పక్క ఊళ్లో పెద్ద ఇల్లు, పిల్లకు ప్రైవేటు కోచింగ్ ఉన్న నాలాంటి వాళ్లు వరుసలో వెనక నిలబడటం న్యాయమేనని నాకు మనస్ఫూర్తిగా అనిపిస్తుంది.

ఇంకో రెండు ప్రశ్నలకు జవాబులు రాతలో తెప్పించుకోండి: బయటి పిల్లల దగ్గర ట్యూషన్ ఫీజు తీసుకుంటారా? పదో తరగతి, పదకొండో తరగతిలో చేర్చుకుంటారా, తొమ్మిదిలోనేనా? రాతలో అని ఎందుకంటున్నానంటే, మేం ముందు ప్రయత్నించిన ఒక బడి ఆఫీసులో ఫోన్‌లో ఒకరు "ట్రాన్స్‌ఫర్ ఫారం సీటొచ్చాక ఇస్తే చాలు" అన్నారు. నమ్మాం. ఫారానికి గడువు అప్పటికే అయిపోయిందని తర్వాత ఇంకొకరు చెప్పారు. ఎవరితో మాట్లాడామో పేరు కూడా రాసుకోలేదు. ఇప్పుడు నేను ఫోన్ చేసినా, వెంటనే "మీరు ఇలా చెప్పారు, సరేనా?" అని ఒక ఈమెయిల్ పంపిస్తాను.

మూడో అడుగు: ట్రాన్స్‌ఫర్ కాగితం ఎవరి చేతిలో ఉందో తెలుసుకోండి

టెక్సస్ చట్టం ప్రకారం పిల్లను చేర్చుకునే డిస్ట్రిక్ట్, తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకుంటే చాలు. మీ సొంత డిస్ట్రిక్ట్ అనుమతి అక్కర్లేదు. ఆ ఒప్పందం మాత్రం ఒక్క విద్యా సంవత్సరానికే.

కాలిఫోర్నియాలో అలా కాదు. మామూలుగా రెండు డిస్ట్రిక్ట్‌లూ ఒప్పుకోవాలి. ముందు మీ డిస్ట్రిక్ట్ పిల్లను వదలాలి, తర్వాత అవతలివాళ్లు తీసుకోవాలి. ఎవరైనా కాదంటే 30 రోజుల్లోపు కౌంటీ విద్యా బోర్డుకు అప్పీల్ చేసుకోవచ్చు. ఆ 30 క్యాలెండర్ రోజులే, శని ఆదివారాలూ అందులోకే వస్తాయి. బే ఏరియాలో ఉంటూ పక్క డిస్ట్రిక్ట్ బడి మీద ఆశ పెట్టుకున్నవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

వీసా గురించి మనవాళ్లు చాలామంది అడుగుతారు. హెచ్-4 మీద ఉన్న పిల్లలు ప్రభుత్వ బడిలో నిశ్చింతగా చదవొచ్చు. ఇమిగ్రేషన్ స్థితి చూపించి ప్రభుత్వ బడులు పిల్లల్ని కాదనకూడదని 1982లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ కేసు టెక్సస్‌దే. కానీ ఇండియా నుంచి అక్క కూతుర్ని విజిటర్ వీసా మీద తెప్పించి ఇక్కడి బడిలో వేద్దామనుకుంటే కుదరదు, ఆ వీసా మీద చదువు కూడదు. ఎఫ్-1 మీద ప్రభుత్వ హైస్కూల్ అంటే గరిష్ఠంగా 12 నెలలే, అదీ పూర్తి ఖర్చు కట్టుకుని.

అడ్రస్ విషయంలో అబద్ధం వద్దు

ఇది ప్రత్యేకంగా రాయాల్సిందే. "డాలస్‌లో మా తమ్ముడి ఇల్లుంది కదా, ఆ అడ్రస్ ఇస్తే పోలా?" అనే మాట నేను గుడిలో విన్నాను, బర్త్‌డే పార్టీల్లో విన్నాను. చెప్పేవాళ్లు మంచివాళ్లే, పిల్లల మీద ప్రేమతోనే చెబుతారు. దయచేసి వినొద్దు.

రాజధాని వాషింగ్టన్ డీసీలో డ్యూక్ ఎలింగ్టన్ ఆర్ట్స్ స్కూల్ ఉంది. 1974లో మొదలైన పేరున్న ప్రభుత్వ బడి. అక్కడ నగరం బయటివాళ్లు చేరాలంటే ట్యూషన్ కట్టాలి. 2018లో నగర విద్యాధికారులు ఫైళ్లు తనిఖీ చేసి, 30 శాతానికి పైగా పిల్లల నివాసం మీద సందేహం వ్యక్తం చేశారు. కుటుంబాలు అప్పీళ్లకు, కోర్టుకు వెళ్లాయి. చాలామంది తాము నిజంగా అక్కడివాళ్లమేనని నిరూపించుకోవాల్సి వచ్చింది. తప్పు చేయని ఇళ్లలో కూడా ఆ టెన్షన్ నెలల తరబడి ఉంది.

టెక్సస్‌లో అడ్మిషన్ ఫారంలో తెలిసి తప్పు సమాచారం ఇస్తే అది నేరం. దానికితోడు, పిల్ల అక్కడ చదివిన కాలానికి డిస్ట్రిక్ట్ మీ దగ్గర డబ్బు వసూలు చేయొచ్చు. గ్రీన్ కార్డు వరుసలో ఏళ్ల తరబడి నిలబడిన కుటుంబం ఒక బడి సీటు కోసం నేరం రికార్డు తెచ్చుకోవడమంటే ఎంత ప్రమాదమో ఆలోచించండి. అన్నిటికీ మించి, దొరికిపోయిన రోజు క్లాసు మధ్యలోంచి లేచి వెళ్లాల్సింది పిల్ల.

నిజంగానే ఇల్లు మారడం వేరు. అది పూర్తిగా సరైన దారి. లీజు, కరెంటు బిల్లు, డ్రైవింగ్ లైసెన్సు, రాత్రి పడుకునే మంచం అన్నీ ఆ ఇంట్లో ఉండాలి. పాత ఇల్లు అద్దెకిచ్చి, డిస్ట్రిక్ట్ లోపల చిన్న అపార్ట్‌మెంట్‌కు మారిన కుటుంబాలు నాకు తెలుసు. అలా వెళ్లాలనుకుంటే అప్లికేషన్ నాటికి ఆ ఇంట్లో ఉండాలా, ఆగస్టులో బడి తెరిచే నాటికి ఉంటే చాలా అన్నది ముందే కనుక్కోండి.

నాలుగో అడుగు: కాగితాలు

ఇదేం కష్టం కాదు, ముందే మొదలుపెడితే చాలు. రెండేళ్ల గ్రేడు రిపోర్టులు, రాష్ట్ర పరీక్షల స్కోర్లు, హాజరు, టీచర్ల సిఫారసు లేఖలు, నివాస రుజువు. చాలా బడుల్లో అప్లికేషన్లు నవంబర్, జనవరి మధ్య నడుస్తాయి. టీచర్లను థాంక్స్‌గివింగ్ సెలవులకు ముందే అడగండి, డిసెంబర్లో అందరూ వాళ్ల వెంటే పడతారు. కరెంటు బిల్లు నాన్న పేరుతో, లీజు అమ్మ పేరుతో ఉంటే రెండూ జతచేయండి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒక చోట ముందు, ఒక చోట వెనక ఉండటం వల్ల పిల్ల పేరు రికార్డుల్లో రెండు రకాలుగా పడుతుంది. బడి రికార్డులో ఎలా ఉందో అన్ని ఫారాల్లోనూ అక్షరం తేడా లేకుండా అలాగే రాయండి.

ఐదో అడుగు: ఆడిషన్‌కు వాళ్లడిగే భాషలో తయారు కావాలి

మన పిల్లల దగ్గర విద్వత్తు ఉంటుంది. కాకపోతే ఆడిషన్ గది వేరే సంప్రదాయంలో కట్టినది. ఎనిమిదేళ్ల సాధన ఉన్న పిల్ల పది నిమిషాల్లో తడబడటం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కనీసం ఏడాదిన్నర ముందు మొదలుపెడితే ఆ తడబాటు ఉండదు.

కూచిపూడి, భరతనాట్యం పిల్లల సంగతి ముందు. నృత్యం ఆడిషన్ చాలా చోట్ల ఒక క్లాసులాగే జరుగుతుంది. టీచర్ బ్యాలేలోనో మోడ్రన్ డ్యాన్స్‌లోనో కొన్ని కదలికలు చూపిస్తారు, పిల్లలు వెంటనే పట్టుకుని చేయాలి. అరమండి అలవాటున్న పిల్లకు బ్యాలేలో మోకాళ్లు బయటికి తిప్పి వంచడం తేలిగ్గా వస్తుంది, తాళం అసలు తప్పదు. ఇబ్బంది పాదంతో. మనం అరికాలు నేలకు గట్టిగా కొడతాం, వాళ్లు కాలివేళ్లు సాగదీస్తారు. ఆరో తరగతి నుంచి వారానికి రెండు బ్యాలే క్లాసులు పెట్టించండి. నాట్యం మాన్పించొద్దు. సొంత అంశం అడిగితే జతిస్వరంలో ఒక ముక్క చేయొచ్చా అని ముందే రాసి అడగండి, ఒప్పుకునే చోట అది పిల్లకు పెద్ద బలం.

గాత్రం పిల్లలకు ఒక వరం ఉంది. పియానో మీద నాలుగు స్వరాలు వాయించి తిరిగి పాడమనే పరీక్ష దాదాపు అన్ని చోట్లా ఉంటుంది. సరళీ వరసలు, జంట వరసలు నూరినవాళ్లకు ఇది చిటికెలో పని. వాళ్ల మేజర్ స్కేలు మన శంకరాభరణం స్వరాలే. కానీ స్వరాన్ని గమకం లేకుండా నిటారుగా నిలబెట్టడం నేర్చుకోవాలి. అలవాటున్న గొంతు తెలియకుండానే ఊగుతుంది. అలాగే ఐదు గీతల స్వరలిపి చూసి అక్కడికక్కడే పాడటం. అది మనకు బొత్తిగా కొత్త, రోజూ పదిహేను నిమిషాలైనా చేయాలి.

వయొలిన్ పిల్లలైతే నేల మీద కూర్చుని కాలి మీద ఆనించే పద్ధతి నుంచి నిలబడి వాయించడానికి మారాలి. శ్రుతి కూడా మనం స-ప-స-ప అని పెడతాం, వాళ్ల తంతుల అమరిక వేరు. ఒకే వయొలిన్ మీద రెండూ మారుస్తూ ఉంటే పిల్ల వేళ్లు గందరగోళపడతాయి. వీలైతే రెండో వయొలిన్ అద్దెకు తెచ్చుకోండి. మృదంగం పిల్లలకు లయ ఎంత ఉన్నా ఆడిషన్‌లో అడిగేది స్నేర్, జైలోఫోన్ లాంటివి, కాబట్టి మిడిల్ స్కూల్ బ్యాండ్‌లో తప్పక చేరాలి.

ఇక బొమ్మలు. మా అమ్మాయి మొదటి పోర్ట్‌ఫోలియోలో పద్నాలుగు బొమ్మలుంటే అందులో తొమ్మిది అనిమే పాత్రలు, మూడు ఫోటోలు చూసి వేసినవి. అనుభవమున్న ఒక డ్రాయింగ్ టీచర్ వాటిని నెమ్మదిగా పక్కన పెట్టి, "నీ ఎదురుగా ఉన్నదాన్ని చూసి వేసినవి ఏవి?" అని అడిగారు. ఒక్కటి కూడా లేదు. ఆ సాయంత్రం నుంచి మా వంటింట్లో స్టౌ మీద ప్రెషర్ కుక్కర్ ఆమె మోడల్ అయింది. మూత మీద వెలుగు పడే చోటు, పిడికి పట్టిన నల్లటి మసి, విజిల్ కింద ఎండిపోయిన పప్పు చార. అదే కుక్కర్‌ని పదకొండు సార్లు వేసింది. మొదటి దాంట్లో అది సీసాలా ఉంది. పదకొండో దాంట్లో చేత్తో ఎత్తొచ్చు అనిపించేంత బరువు కనిపించింది. తర్వాత అమ్మమ్మ ఇచ్చిన కొండపల్లి ఏనుగు అంబారీ, వాకిట్లో చెప్పుల గుట్ట. ఆడిషన్ రోజు బల్ల మీద ఒక బూటు, ఒక నలిగిన కాగితం సంచి పెట్టి వేయమన్నారట. "ఇంట్లో చెప్పులేసినట్టే వేశానమ్మా" అంది బయటికొచ్చి.

నాటకం విభాగానికి సాధారణంగా రెండు చిన్న స్వగతాలు కావాలి, ఒకదానికొకటి పొంతన లేని భావాలతో. అచ్చయిన నాటకంలోంచే తీసుకోవాలని కొన్ని చోట్ల నియమం. యాస గురించి బెంగపడొద్దు.

ఆరో అడుగు: ఫలితం తర్వాత

బయటి పిల్లలకు మొదటి విడతలోనే సీటు రావడం తక్కువ. వెయిట్‌లిస్ట్ అంటే కాదన్నట్టు కాదు. స్థానికులు కొందరు వేరే బడులకు వెళ్తారు, వేసవిలో సీట్లు కదులుతాయి. వెయిట్‌లిస్ట్‌లో ఉంటారా అని అడిగితే గడువులోపు "ఉంటాం" అని జవాబివ్వండి. ఈమెయిల్ స్పామ్ ఫోల్డర్ రోజూ చూడండి. జూన్, జూలైలో ఇండియా వెళ్తుంటే మరీ జాగ్రత్త. సీటిస్తామని వచ్చిన కబురుకు రెండు మూడు రోజులే గడువు ఉండొచ్చు, ఇక్కడ పగలంటే అక్కడ రాత్రి.

ఈలోగా మీ సొంత డిస్ట్రిక్ట్‌లో తొమ్మిదో తరగతి రిజిస్ట్రేషన్ మానొద్దు. రెండు చోట్లా దారి తెరిచి ఉంచుకోవాలి.

ర్యాంకు లెక్క కూడా ఇప్పుడే వేసుకోండి. టెక్సస్ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్ క్లాసు ర్యాంకును బట్టి వస్తుంది. ఏరికోరి ఎంపిక చేసిన పిల్లలే ఉన్న చిన్న బడిలో ర్యాంకు ఎలా ఉంటుందో, కొప్పెల్‌లోనో ఫ్రిస్కోలోనో ఎలా ఉంటుందో పిల్లతో కూర్చుని మాట్లాడండి. ఇంజనీరింగే కావాలని ఇంట్లో ముందే నిర్ణయమైపోయి ఉంటే ఆ మాట కూడా పిల్లకు చెప్పాలి.

ఏడో అడుగు: రోజూ వెళ్లి రావడం

డిస్ట్రిక్ట్ బయటికి బడి బస్సు రాదు. దీన్ని ముందే లెక్కేసుకోకపోతే అక్టోబర్ నాటికి ఇల్లంతా అలసిపోతుంది. డాలస్ డౌన్‌టౌన్‌లో పెర్ల్ ఆర్ట్స్ డిస్ట్రిక్ట్ స్టేషన్ ఉంది. ప్లేనో నుంచి రెడ్ లైను, ఇర్వింగ్ నుంచి ఆరెంజ్ లైను, క్యారల్టన్ నుంచి గ్రీన్ లైను అక్కడికి వస్తాయి. ఫ్రిస్కో ఈ రైళ్లు నడిపే డార్ట్ అనే రవాణా సంస్థలో సభ్యత్వమున్న ఊరు కాదు కాబట్టి, అక్కడివాళ్లు ప్లేనోలోని స్టేషన్ దాకా కారులో వెళ్లాల్సిందే.

సీటు ఒప్పుకునే ముందే ఒక మామూలు పనిరోజున, ఆదివారం కాదు, పొద్దున్న బయల్దేరి వెళ్లి రండి. సాయంత్రం రిహార్సల్ ఆరున్నరకు అయినట్టు ఊహించుకుని తిరుగు ప్రయాణం చేయండి. మేం వెళ్లిన రోజు వాన. రైలు దిగి కారు దగ్గరికి నడిచేసరికి పోర్ట్‌ఫోలియో అట్ట అంచు తడిసి ఉబ్బిపోయింది. ప్లాస్టిక్ కవరున్న సంచి కొనాలని ఆ రోజే తెలిసింది. దగ్గర్లోని మరో ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులతో కలిసి కార్‌పూల్ పెట్టుకుంటే వారానికి ఒకటి రెండు రోజులే మీ వంతు వస్తుంది.

చేరాక మర్చిపోకూడనిది రెన్యువల్. ట్రాన్స్‌ఫర్ ఏడాదికే కాబట్టి ప్రతి ఏడూ మళ్లీ అప్లై చేయాలి. గ్రేడ్లు, హాజరు, ప్రవర్తన చూస్తారు. పొద్దున రైలు ఆలస్యమై ఆలస్యంగా వెళ్లిన రోజులు కూడా హాజరు రికార్డులో పడతాయి. అలాంటి ప్రతిసారీ కారణం రాసి ఆఫీసుకు పంపి, కాపీ ఒక ఫైల్లో పెట్టుకోండి. రెన్యువల్ గడువు మీకు ఇచ్చిన ఒప్పందం కాగితంలోనే ఉంటుంది. లేకపోతే అడిగి, దానికి నెల ముందుకు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి, అమ్మ ఫోన్‌లోనూ నాన్న ఫోన్‌లోనూ.